ఓపెనర్ వీకెండ్: పిల్లలు, అత్తమామలతో వాలై చేప కోసం పైకి ఉత్తరానికి పోవాలా, బాస్ చేప కోసం ఇంటి దగ్గరే ఉండాలా?

భీమారం అల్లుడు (ప్లిమత్, మిన్నెసోటా)
అందరికీ నమస్కారం అండి. మే 10 శనివారం ఫిషింగ్ ఓపెనర్, అంటే ఇక్కడ చేపల సీజన్ తెరిచే రోజు, మర్నాడే మదర్స్ డే. పాపకి తొమ్మిది, బాబుకి ఆరు. ఇండియా నుంచి అత్తయ్యగారు మావయ్యగారు వచ్చారు, ఆగస్టు దాకా ఇక్కడే ఉంటారు. మావయ్యగారివి భీమవరం పక్కన చేపల చెరువులు, జీవితమంతా గట్టు మీద గడిపిన మనిషి, ఇక్కడికొచ్చాక టీవీ ముందు కూర్చోలేక వాకిట్లో స్నో బ్లోయర్ ని తుడుస్తూ ఉంటారు పాపం. ఆయన్ని ఎలాగైనా నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆఫీసులో చూస్తే ప్రతివాడూ వాలై, మిల్లె లాక్స్ లేక్, లేక్ ఒడ్డున కేబిన్ అని ఊదరగొట్టేస్తున్నాడు. నాకు బోటు లేదు, రెండు స్పిన్నింగ్ రాడ్లూ పిల్లల రాడ్ ఒకటీ ఉన్నాయి అంతే. పైకి డ్రైవ్ చేసి బోటు అద్దెకి తీసుకోడం ఉపయోగమా, లేక ఇక్కడే చుట్టుపక్కల లేకుల్లో బాస్ కోసం చూసుకోమంటారా? మావయ్యగారికి లైసెన్స్ కావాలా? ఎవరైనా చేసినవాళ్ళు ఉంటే చెప్పండి, యూట్యూబ్ చూసి చూసి తల తిరిగిపోతోంది.

బ్రెయినర్డ్ బావ
ఇందులో అడగడానికేముంది, వాలై. రాష్ట్ర చేప అది, 1965 నుంచి. 1948 నుంచి ప్రతి ఏడూ ఒక ఊళ్ళో గవర్నర్ గారే వచ్చి ఓపెనర్ చేస్తారు, మీరేమో ఇంటి పక్కన కుంటలో గాలం వేస్తానంటారు. శుక్రవారం అర్ధరాత్రి దాటితే సీజన్ మొదలు, మా వాళ్ళు పన్నెండింటికే బోట్లో ఉంటారు. రండి, ఆ రాత్రి లేక్ మీద దీపాలు చూస్తే మన గోదారి పుష్కరాలే గుర్తొస్తాయి.

రోచెస్టర్ రమణి
బావగారూ, ఆరేళ్ళ పిల్లాడిని అర్ధరాత్రి బోటెక్కిస్తారా? మే పదికి నీళ్ళు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ అటూ ఇటూగా ఉంటాయి, పైన ఉత్తరాన అంతకంటే తక్కువే. ఆ నీళ్ళలో పడితే ఈత వచ్చినవాళ్ళకి కూడా మొదటి నిమిషంలో ఊపిరి అందదు, మామూలుగా ఎగశ్వాస వస్తుంది అంతలోనే నీళ్ళు మింగేస్తారు. నేను హాస్పిటల్లో పనిచేస్తాను కాబట్టి కాస్త ఎక్కువ భయపడతాను, అయినా సరే చెప్తాను. పదేళ్ళ లోపు పిల్లలు బోటు కదులుతుంటే లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, అది చట్టం. పెద్దవాళ్ళకైతే జాకెట్ బోట్లో ఉంటే చాలు అంటుంది చట్టం, మే నెలలో మాత్రం పెద్దవాళ్ళు కూడా తొడుక్కోవాలి అంటాను నేను. అత్తయ్యగారు చీర మీద వేసుకోనంటే డాక్ మీదే, అంటే ఒడ్డున చెక్క వంతెన మీదే కూర్చోబెట్టండి.

లైసెన్స్ సంగతి: 16 లోపు పిల్లలకి ఇక్కడ అక్కర్లేదు. మదర్స్ డే వీకెండ్ మిన్నెసోటాలో ఉండే అమ్మలకి శని ఆదివారాలు ఫ్రీ, కాబట్టి మీ ఆవిడకి కొనక్కర్లేదు. మావయ్యగారు విజిటర్ కాబట్టి నాన్ రెసిడెంట్ లైసెన్స్, ఒక్కరోజుది అంటే 24 గంటలది దొరుకుతుంది, మూడు రోజులదీ వారం రోజులదీ కూడా ఉంటాయి. అత్తయ్యగారు కూడా అమ్మే కానీ ఆ ఫ్రీ ఇక్కడి రెసిడెంట్లకే అండి, ఆవిడ రాడ్ పట్టుకుంటే ఆవిడకీ తీసుకోవాలి.

కరీంనగర్ కాస్టర్
అన్నా నేను చెప్తున్న ఇను. పోరలు ఉన్నరు కాబట్టి బాస్. అంతే. వాలై అంటే పొద్దు మునిగినంక, చలిల, గాలిల, దుప్పటి కప్పుకొని కూసోవాలె. దాని కంటి లోపల అద్దం లాంటి పొర ఉంటది, తక్కువ వెలుతురుల అది చూస్తది, చిన్న చేపలు చూడలేవు, అందుకే అది చీకట్లనే వేటకి ఎల్తది. మరి పిల్లలకి చీకటి పడంగనే నిద్రొస్తది. బాస్ అట్ల కాదు, మే మొదట్ల మధ్యాహ్నం రెండు నుంచి అయిదు, ఎండ మంచిగ కొట్టినంక. ఇంట్ల పప్పన్నం తిని, పిల్లలు ఓ కునుకు తీసి, తాపీగ పోవచ్చు.

యాడ దొరుకుతదంటే, లేక్ మొత్తం ఒక తీరు వేడెక్కదు. ఉత్తరం దిక్కు ఉన్న చిన్న చిన్న బేలు, ఎందుకంటే దక్షిణం ఎండ నేరుగా వాటి మీద పడతది, పైగా ఉత్తరపు చలిగాలి తగలదు. అడుగున నల్ల బురద ఉంటే ఇంకా మంచిది, నలుపు ఎండను పీలుస్తది. అసలు లేక్ 50 ఉంటే గా బే ల 56, 57 ఉంటది, గా తేడాకే బాస్ అంత గుంపుగ వచ్చి రెండు మూడు అడుగుల నీళ్ళల్ల ఉంటయ్. మెత్తటి రబ్బర్ పురుగును నడుమ గుచ్చి, బరువు ఏం పెట్టకుండ ఏస్తే మెల్లగ వణుక్కుంట దిగుతది, గదే వాకీ రిగ్. ఏసి, పది దాకా లెక్కవెట్టు, ఏం చెయ్యకు. దారం పక్కకు జరిగితే కొట్టు. చల్లనీళ్ళల్ల తొందర పడితే ఏం రాదు.

భీమారం అల్లుడు
కాస్టర్ అన్నా సూపర్ అండి. మావయ్యగారికి చదివి వినిపించాను. ఆయన ఒక ప్రశ్న వేశారు, "గాలి ఎటు కొడితే అటు గట్టు దగ్గర చేప ఉండాలి కదా, ఆ అబ్బాయి గాలి లేని చోట వెతకమంటాడేంటి" అని. మా చెరువుల్లో తెట్టంతా గాలి తోసిన మూలకే చేరుతుంది, తెల్లారగట్ట చేప అక్కడే తిరుగుతుంది అంటారు. దీనికి సమాధానం చెప్పలేకపోయా.

బ్రెయినర్డ్ బావ
మీ మావయ్యగారిని నా దగ్గరికి పంపించండి, ఆయన వాలై మనిషి. సరిగ్గా అదే మాట ఇక్కడ ముసలాళ్ళు చెప్తారు. గాలి రోజంతా ఒకవైపు కొడితే పైన ఉన్న గోరువెచ్చటి నీళ్ళు, నాచు, పురుగూ పుట్రా అంతా ఆ ఒడ్డుకి చేరతాయి, వాటి వెనక షైనర్లు, పెర్చ్ పిల్లలు లాంటి చిన్న చేపలు, వాటి వెనక వాలై. పైగా అలలు కొడితే నీళ్ళలో వెలుతురు విరిగిపోయి మసకబారుతుంది కాబట్టి పట్టపగలు కూడా మేస్తుంది. వాలై చాప్ అంటారు ఆ చిన్న అలల్ని. అద్దంలా ఉన్న నీళ్ళలో పగటిపూట వాలై కోసం కూర్చోవడం టైం దండగ. బాస్ కి మాత్రం కాస్టర్ చెప్పింది కరెక్టే, ఈ సీజన్లో దానికి వెచ్చదనం ముఖ్యం. ఇద్దరిదీ కరెక్టే, చేప వేరు.

కరీంనగర్ కాస్టర్
బావ ఫస్ట్ టైం నాది కరెక్ట్ అన్నడు, స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకున్న 😂

బ్రెయినర్డ్ బావ
సరే బోటు లేదన్నారు కాబట్టి ఒక విషయం చెప్తా, ఇది చాలామందికి తెలీదు. ఏడాది మొత్తంలో బోటు లేనివాడికి వాలై దగ్గరగా వచ్చేది ఈ రెండు మూడు వారాలే. ఐస్ కరిగాక నీళ్ళు 42 నుంచి 50 లోపు ఉన్నప్పుడు గులకరాళ్ళ ఒడ్డున, వాగు వచ్చి కలిసే చోట గుడ్లు పెడుతుంది. గుడ్లయిపోయాక ఆడచేపలు లోతుకి పోయి అలసట తీర్చుకుంటాయి, చిన్న మగచేపలు మాత్రం ఆ చుట్టుపక్కలే తచ్చాడుతుంటాయి. తినడానికి అవే బాగుంటాయి, 14 నుంచి 18 అంగుళాలు. జూన్ వచ్చిందంటే లోతుకి వెళ్ళిపోతాయి, అప్పుడు బోటు, సోనార్ ఇవన్నీ కావాలి. కాబట్టి ఇప్పుడు సాయంత్రం పొద్దు వాలే ముందు గంట, వాలాక గంట, రెండు లేకుల మధ్య వాగు ఉన్నచోటో బ్రిడ్జి దగ్గరో పబ్లిక్ గా నిలబడనిచ్చే ఒడ్డు చూసుకోండి. ఎనిమిదో వంతు ఔన్స్ జిగ్, అంటే తల దగ్గర బరువున్న గాలం, దానికి ఎరగా ఒక షైనర్ గానీ ఫాట్‌హెడ్ మినో అనే చిన్న చేప గానీ, నోట్లోంచి గుచ్చి తల పైకి వచ్చేట్టు. విసిరి అడుగు తగలనిచ్చి, ఈడ్చి, ఆపి, ఈడ్చి, ఆపి. వాలై పట్టినట్టే ఉండదు, తడిగుడ్డ తగిలినట్టు బరువు తెలుస్తుంది అంతే. పిల్లలకి స్లిప్ బాబర్, అంటే దారం మీద జారే బెండు కట్టి కింద జలగ పెట్టండి, అదే లీచ్. నీళ్ళు 50 దాటితే జలగ బాగా మెలికలు తిరుగుతుంది, అంతకంటే చల్లగా ఉంటే ఉండలా చుట్టుకుని కూర్చుంటుంది, అప్పుడు మినోనే బెటర్.

జిగ్ లు కొనేటప్పుడు సీసంవి కాకుండా టంగ్‌స్టన్‌వో టిన్‌వో తీసుకోండి. లూన్ పక్షులు అడుగున గులకరాళ్ళనుకుని సీసం మింగి చచ్చిపోతాయి.

అనంతపురం అబ్బి
ఏమబ్బా అందరూ పట్టేది గురించే చెప్తాండారు, బాస్ ఇప్పుడు ఇంటికి తెచ్చుకోడానికి లేదు గదా? మే ఆఖర్లో వచ్చే మెమోరియల్ డే వీకెండ్ దాంక పట్టి వదిలేయల్లంట, రాష్ట్రంలో శానా భాగం. తినేదానికైతే పట్టు, ఒప్పుకుంటా. నోట్లో ముల్లు గుచ్చి ఫొటో దిగి మళ్ళా నీళ్ళలోకి ఇసిరేది యా ధర్మమప్పా? మా అవ్వ చూసిందంటే చీపురు తీస్తుంది.

కరీంనగర్ కాస్టర్
అబ్బి అన్నా నీ ప్రశ్న మంచిదే, నేను కొట్లాడను. కని ఇడ వదిలేస్తరు ఎందుకంటే చేప పెరగదు. నాలుగైదు నెలలు ఐస్ కిందనే ఉంటది, పన్నెండు అంగుళాల బాస్ అయితందుకు నాలుగైదేండ్లు పడతది. మన కాడ చెరువుల బొచ్చె ఒక్క ఏడాదిల కిలో దాటుతది గదా, గా లెక్క ఇడ నడవదు. అందరం పట్టి తింటే రెండేండ్లల్ల లేక్ ఖాళీ.

ఇంకోటి, మే చివరికి నీళ్ళు 60 దాటంగనే మగ బాస్ తోకతోటి అడుగున గుండ్రంగ ఊడ్చి గూడు చేస్తది, ఆడది గుడ్లు పెట్టి ఎల్లిపోతది, మగదే కావలి ఉంటది. దాన్ని గుంజి ఫొటో దిగుకుంట అయిదు నిమిషాలు పెట్టుకున్నవనుకో, గా అయిదు నిమిషాలల్ల సన్‌ఫిష్ లు వచ్చి గుడ్లన్నీ మింగుతయ్. అందుకే నేను గూడు కనవడితే గాలం ఎయ్య. చట్టం వద్దనది, ఇది నా లెక్క. గూడు మీద ఉన్నదాన్ని పట్టుడు పెద్ద పనితనం ఏం కాదు, అది కోపంతోటి కరుస్తది, ఆకలితోటి కాదు.

అనంతపురం అబ్బి
ఇది బాగా చెప్పినావు. అయినా నేను వాలైకే పోతా, ఆరు పట్టుకుంటా, కూర వండుకుంటా, నా మనసుకు అదే నెమ్మది.

రోచెస్టర్ రమణి
వదిలేసే చేపని తడి చేత్తో పట్టుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే మీదున్న జిగురు ఊడిపోయి జబ్బు చేస్తుంది. పిల్లల గాలానికి వెనక ముల్లుని ప్లయర్స్ తో నొక్కేయండి, చేపకీ మంచిది, మీ బాబు చెవికీ మంచిది. ఎమర్జెన్సీకి మే నెలలో గాలం గుచ్చుకుని వచ్చేవాళ్ళలో సగం పక్కవాడు విసిరితే గుచ్చుకున్నవాళ్ళేనేమో అనిపిస్తుంది నాకు. అందరికీ కళ్ళజోడు పెట్టండి, ఎండ లేకపోయినా.

నోవి నాగు (మిషిగన్)
మధ్యలో వస్తున్నా సారీ. మా దగ్గర లెక్క వేరు, మిషిగన్ వాళ్ళెవరైనా చదివి కన్‌ఫ్యూజ్ అవుతారని చెప్తున్నా. లోయర్ పెనిన్సులాలో లోపలి లేకులకి వాలై ఏప్రిల్ ఆఖరి శనివారమే తెరుస్తారు, పైన అప్పర్ పెనిన్సులాలో మే 15. బాస్ పట్టి వెంటనే వదిలేయడం ఏడాది పొడుగునా ఓకే, ఉంచుకోవాలంటే చాలా లేకుల్లో మెమోరియల్ డే ముందు శనివారం నుంచి, 14 అంగుళాలు ఉండాలి. వాలై అయితే 15. లైసెన్స్ 17 ఏళ్ళ నుంచి. మేం ఇద్దరు ముగ్గురు ఫ్యామిలీలు కలిసి హౌటన్ లేక్ పోతాం, రాష్ట్రంలో లోపలి లేకుల్లో అదే పెద్దది, ఇరవై వేల ఎకరాలు, కానీ లోతు తక్కువ కాబట్టి తొందరగా వేడెక్కుతుంది, గాలి లేస్తే మాత్రం చిన్న బోటుతో వెళ్ళకూడదు. విస్కాన్సిన్ లో మే మొదటి శనివారం అనుకుంటే సరిపోతుంది.

భీమారం అల్లుడు
అందరికీ థాంక్స్ అండి. మావయ్యగారికి లిమిట్ చెప్పాను, మనిషికి ఆరు వాలైలు, అందులో 20 అంగుళాలు దాటింది ఒక్కటే అని. ఒక నిమిషం నా మొహం చూశారు. "ఆరు కిలోలా?" అన్నారు. కాదండి ఆరు చేపలు అన్నాను. "మా గట్టు మీద కొంగ కూడా అంతకంటే ఎక్కువ తింటుంది కదయ్యా, దీనికి లైసెన్స్ కూడానా" అని ఇంకా నవ్వుతూనే ఉన్నారు 😅 ఒక మనిషికి ఒకటే గాలం అన్నది ఇంకా చెప్పలేదు.

బ్రెయినర్డ్ బావ
హహహ. ఐస్ మీద అయితే రెండు గాలాలు వెయ్యొచ్చని చెప్పండి, డిసెంబర్ కి మళ్ళీ వస్తారు. ఇంకొకటి, కొన్ని లేకులకి ప్రత్యేక రూల్స్ ఉంటాయి, మిల్లె లాక్స్ కి అయితే ఏటా మారతాయి, వెళ్ళే ముందు డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) సైట్లో ఆ లేక్ పేరు కొట్టి చూసుకోండి.

సెయింట్ క్లౌడ్ సీతయ్య
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నా, మినోలు మిగిలితే లేక్ లో పొయ్యకూడదు. పాపం బతుకుతాయి కదా అని పిల్లలు పోసేస్తారు. ఆ నీళ్ళలో ఏముందో ఎవడికి తెలుసు, బయటి నుంచి వచ్చి లేకుల్ని పాడుచేసే జీబ్రా మసెల్స్ అనే ఆల్చిప్పల పిల్లలు కంటికి కనపడవు. మినోలని చెత్తబుట్టలో వెయ్యాలి, బకెట్లో లేక్ నీళ్ళుంటే అక్కడే గట్టు మీద పారబోసి రావాలి. బోటు అద్దెకి తీసుకుంటే రాంప్ దగ్గర, అంటే బోటు దించే చోట, డ్రెయిన్ ప్లగ్ (అడుగున నీళ్ళు పోయే బిరడా) తీసి, ప్లగ్ తీసే డ్రైవ్ చెయ్యాలి, నాచు ముక్క వేలాడుతున్నా ఫైన్ పడుతుంది. మెత్తటి మట్టి డబ్బాల్లో వానపాములు కూడా అడవిలో పారెయ్యకండి, ఇక్కడి అడవులకి వానపాము స్థానికం కాదు, ఆకుల పొరంతా తినేస్తుంది. గడ్డిలో నడిచాక పిల్లల మోకాళ్ళ వెనక, చెవుల వెనక టిక్ (రక్తం పీల్చే పిడుదు) ఉందేమో చూడండి, మేలో దోమలు తక్కువే కానీ టిక్ లు అప్పటికే లేస్తాయి.

గుంటూరు గోంగూర
అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదేంటండీ, వాలై పులుసు పెట్టొచ్చా???

అనంతపురం అబ్బి
పెట్టొచ్చు గానీ అది పులుసు చేప కాదక్కా. కొవ్వు లేదు, రుచి మెత్తగా ఉంటుంది, చింతపండులో మునిగిపోతుంది. ముక్క కూడా విరిగిపోతుంది. కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, కొంచెం బియ్యప్పిండి పట్టించి పెనం మీద ఎర్రగా కాల్చల్ల, అంతే. ఫిలే తీస్తే ముల్లు ఉండదు, పిల్లోళ్ళకి భయం లేదు. పులుసుకి నార్తర్న్ పైక్ చేప మేలు, గట్టిగా ఉంటాది, కాకుంటే వై ఆకారం ముళ్ళు ఉంటాయి. ముల్లు తీసుకుంటా తినేది మనకు కొత్తా ఏంది.

రోచెస్టర్ రమణి
తినే విషయంలో ఒకటి. పాదరసం వల్ల ఇక్కడి హెల్త్ డిపార్ట్‌మెంట్ సలహా ఏంటంటే, 15 లోపు పిల్లలు, గర్భిణులు, పిల్లల్ని కనే ఆలోచనలో ఉన్నవాళ్ళు 20 అంగుళాల లోపు వాలై గానీ బాస్ గానీ నెలకి ఒక్కసారి, 20 దాటిన వాలై అసలొద్దు. సన్‌ఫిష్, పెర్చ్ లాంటి చిన్నవి వారానికి ఒకసారి తినొచ్చు. ఇది రాష్ట్రం మొత్తానికి చెప్పేది, కొన్ని లేకులకి ఇంకా గట్టిగా ఉంటుంది. ఇంటికి ఫిలే చేసి తెచ్చేటట్టయితే వాలై ముక్క మీద ఒక అంగుళం చర్మం పొలుసులతో అలాగే వదలండి, దారిలో ఆఫీసర్ ఆపితే ఏ చేపో తెలియాలి.

భీమారం అల్లుడు
మొత్తానికి వెళ్ళొచ్చామండి. పైకి పోలేదు. శనివారం మధ్యాహ్నం మెడిసిన్ లేక్ కి పోయాం, ఇంటి నుంచి పది నిమిషాలు. కాస్టర్ అన్న చెప్పినట్టు ఎండ తగిలే మూల చూసుకున్నాం, మావయ్యగారు చెప్పులు విప్పి నీళ్ళలో కాలు పెట్టి ఇక్కడ కాదు అక్కడ అని రెండుసార్లు చోటు మార్పించారు. పాప వాకీ రిగ్ తో ఒక బాస్ పట్టింది, పదమూడు అంగుళాలు ఉంటుంది, వదిలేటప్పుడు దానికి పేరు కూడా పెట్టింది. బాబుకి సన్‌ఫిష్ తప్ప ఏదీ అక్కర్లేదు, బెండు మునిగితే చాలు వాడికి, వానపాము ముక్కకి వరసపెట్టి వస్తూనే ఉన్నాయి. మా ఆవిడ ఫ్రీ లైసెన్స్ అని చెప్పి రాడ్ నా చేతిలోంచి లాగేసుకుంది, నేను గాలాలకి వానపాములు గుచ్చే ఉద్యోగంలో చేరాను.

ఆదివారం సాయంత్రం మావయ్యగారూ నేనూ ఇద్దరమే వాలై కోసం వేరే లేక్ కి, వాగు కలిసే చోటుకి వెళ్ళాం. గాలి బాగా కొడుతోంది, ఆయన గాలి కొట్టే ఒడ్డునే నిలబడ్డారు, మిగతా జనమంతా అవతలి వైపు చాటున ఉన్నారు. చీకటి పడ్డాక ఆయనకి రెండు వచ్చాయి, నాకు సున్నా. పట్టిన వెంటనే మొప్పలు ఎత్తి చూసి, కళ్ళు చూసి, "పండుగప్పకి కూడా రాత్రి లైటేస్తే కన్ను ఇలాగే మెరుస్తుంది" అన్నారు. అబ్బి గారి పద్ధతిలో అత్తయ్యగారు వేయించారు, మావయ్యగారు తిని "చేప మంచిదే, ఉప్పు చాలలేదు" అన్నారు, ఆ మాట అత్తయ్యగారికి నచ్చలేదు.

బ్రెయినర్డ్ బావ
రెండు వాలైలు ఒడ్డు మీంచి, మొదటిసారి!! మా బోట్లో నలుగురికి కలిపి మూడు. మావయ్యగారి నంబర్ కావాలి నాకు.

గుంటూరు గోంగూర
అయితే పులుసు ఎవరూ పెట్టలేదన్నమాట.

కరీంనగర్ కాస్టర్
పాపకి నా తరఫున శభాష్ చెప్పు అన్నా. జూన్ మొదట్ల టేక్ ఎ కిడ్ ఫిషింగ్ వీకెండ్ వస్తది, పదహారేండ్ల లోపు పోరలను తీస్కపోతే ఇక్కడి పెద్దోళ్ళకి లైసెన్స్ అక్కర్లేదు. మన మృగశిర కార్తె కూడా గప్పుడే, చేప తినకుంటే ఎట్ల. నాకు పద్నాలుగు అడుగుల బోటు ఉంది, ఈసారి నేను వస్త.

భీమారం అల్లుడు
రండి అన్నా. మావయ్యగారు ఇప్పుడే అడుగుతున్నారు, ఆ బోటుకి ఇంజనా తెడ్డా అని.

కరీంనగర్ కాస్టర్
రెండూ ఉన్నయ్. ఇంజన్ రోజు బట్టి.